మధ్యాహ్నపు దెయ్యాలు

పోయిన చలికాలంలో షార్జాలో ఒక స్నేహితురాలి ఇంట్లో తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళం కొంతమందిమి కలిశాం. టీలు తాగుతుండగా ఈమధ్యే ఉద్యోగానికి వచ్చిన ఒక ఇంజనీరమ్మాయి నా పక్కకు జరిగి కూర్చుంది. "మీరు హారర్ బాగా చదువుతారట కదా మేడం! ఇప్పుడు రాస్తున్నవాళ్ళలో ఎవరితో మొదలుపెట్టమంటారు?" అని అడిగింది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అడిగినవాళ్ళకు చెప్పడానికి నాలుగు పేర్లు ఎప్పుడూ నాలుక చివరే ఉంటాయి. ఆ సాయంత్రం మాత్రం పేర్ల కంటే ముందు, "నీకేమంటే భయం?" అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. "ఎప్పుడూ ఆలోచించలేదు మేడం," అంది. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, ఒకప్పుడు నాతో పనిచేసిన రాహేలక్కది. ముప్ఫై దాటీ దాటకుండానే జ్ఞాపకాలు రాసుకోవడమేంటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. కొన్ని కాలాలు పొడవు తక్కువైనా లోతు ఎక్కువ. బనియాస్‌లో నేను గడిపిన తొలి రోజులు అలాంటివి.

నర్సాపురం దగ్గర మా ఊరి నుంచి నర్సు ఉద్యోగానికని అబుదాబి వచ్చి దిగిన కొన్ని వారాలకే లోకమంతా తలుపులు మూసుకుంది. మా ఆసుపత్రి ముసఫ్ఫాలో. ఉండేది బనియాస్‌లో, ఒక అరబ్బీ కుటుంబం వాళ్ళ విల్లా పై అంతస్తులో. ఆ వాటాకు పెద్ద దిక్కు రాహేలక్క. భీమవరం మనిషి. యాభై దాటాయి. భర్త పోయాక ఈ దేశం వచ్చి, ఇక్కడే తల నెరిసింది. నేను, కాకినాడ నుంచి వచ్చిన ఝాన్సీ ఒక గదిలో, రాహేలక్క పక్క గదిలో. ముగ్గురం ఆ ఆసుపత్రి నర్సులమే, ముగ్గురికీ రాత్రి డ్యూటీలే. అందుకని మాకు రాత్రి ఉదయం ఏడింటికి ముగిసేది, నిద్ర మిట్టమధ్యాహ్నానికి గానీ వెతుక్కుంటూ వచ్చేది కాదు.

ఇంటికి రాగానే రాహేలక్క చేసే పనులకు ఒక వరస ఉండేది. చెప్పులు మెట్ల మీదే. యూనిఫాములు వేడినీళ్ళ బకెట్లో. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మడం. ఆ తర్వాత మా ఇద్దరి తలలూ వాసన చూసి, డెట్టాలు వాసన పోలేదంటే మళ్ళీ స్నానానికి తరిమేది. బాల్కనీలో ఆరేసిన బట్టలు టీ కాగేలోపే అప్పడాల్లా బిగుసుకుపోయేవి. అప్పుడు గంజి కాచి, అందులోకి నంజుకోవడానికి ఉల్లిపాయ తరిగి, ఎండురొయ్యలు వేపితే కింది ఇంటివాళ్ళకు వాసన వెళ్తుందని వంటింటి తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి మరీ వేపేది. వాళ్ళ బుఖూరు ధూపం పొగ మాత్రం తడి తువ్వాళ్ళను లెక్కచెయ్యకుండా మెట్లెక్కి పైకి వచ్చేది. అగరు, సాంబ్రాణి, ఎండురొయ్యలు, డెట్టాలు. ఈ నాలుగూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ఆవులింత వస్తుంది.

పగలు నిద్రపోవడానికి కిటికీ అద్దాలకు అల్యూమినియం రేకు కాగితం అంటించి ఉండేది. ఆ రేకులో ఎక్కడో సూదిమొన అంత చిల్లు. దానిలోంచి ఎండ లోపలికి వచ్చి ఎదుటి గోడ మీద వీధిని తలకిందులుగా గీసేది. తలకిందులు కార్లు చప్పుడు లేకుండా పాకేవి. తలకిందులు మనిషి తలకిందులు సైకిల్ మీద పైకప్పు వెంట వెళ్ళిపోయేవాడు. బయట ఎండకు రోడ్డు తారు మెత్తబడుతుంటే మేము చల్లటి చీకట్లో ఆ నీడల్ని చూస్తూ పడుకునేవాళ్ళం. ఎన్నోసార్లు నేను మేలుకున్నానో కలలో ఉన్నానో తెలిసేది కాదు.

ఝాన్సీ దుప్పటి ముసుగులో ఫోన్లో దెయ్యాల కథలు చదివేది. అప్పుడప్పుడే మా వయసు పిల్లలు కొందరు కొత్త రకం భయం కథలు రాయడం మొదలుపెట్టారు. ముందు ఫోన్లలో, తర్వాత చిన్న పుస్తకాలుగా. రాహేలక్కకు ఈ సంగతి తెలిసి ఇల్లెగిరిపోయేలా అరిచింది. "ప్రార్థన చేసుకునే కొంపలో దెయ్యాల గోలేంటే? చదవమాకు!" అని ఆజ్ఞ వేసింది. ఝాన్సీ ముసుగు ఇంకాస్త బిగించుకుంది.

అంతలో వార్డులో నా చేతుల్లో ఒకతను పోయాడు. మన తెలుగువాడే. ఊపిరి అందక మాట రానప్పుడు కూడా నా చేతి తొడుగు పట్టుకుని దేనికోసమో అడుగుతూనే ఉన్నాడు. ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి పడుకుంటే చాలు, మెషీన్ల కూత చెవుల్లో మోగేది. గోడ మీద తలకిందులు మనుషుల్లో అతన్ని వెతికేదాన్ని. నిద్ర లేదు, తిండి లేదు. ఇంటికి వెళ్ళిపోతానని మేట్రన్‌కు చెప్పేద్దామనుకున్నాను, విమానాలు లేవని తెలిసి కూడా.

ఒక మధ్యాహ్నం రాహేలక్క మా గదిలోకి వచ్చి నా మంచం మీద కూర్చుంది. నా తలకు కొబ్బరినూనె రాసింది. కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచేసరికి నేను ఇంకా అలాగే చూస్తున్నాను. అప్పుడు ఝాన్సీ వైపు తిరిగి, "ఆ దిక్కుమాలిన కథేదో చదువుతావు గదా. పైకి చదువు," అంది.

ఝాన్సీ నోరెళ్ళబెట్టింది. "మీరే వద్దన్నారు గదక్కా!"

"వద్దన్నాను. ఇప్పుడు చదవమంటున్నాను. ప్రార్థనయ్యింది, మాత్రయ్యింది. దీనికి నిద్ర రావట్లేదు. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

ఝాన్సీ చదివింది. కొర్లాం వేదవల్లి అనే ఆవిడ రాసిన కథ. ఒక అపార్టుమెంటులో లిఫ్టు ఉంటుంది, అది అప్పుడప్పుడు లేని అంతస్తులో ఆగుతుంది. అక్కడి తలుపులన్నిటి ముందూ మన చెప్పులే ఉంటాయి. చాలా రోజుల తర్వాత వార్డుకు సంబంధం లేని ఒక విషయానికి భయపడ్డాను. ఆ భయం శుభ్రంగా ఉంది. కథ అయిపోగానే అదీ అయిపోయింది. నేను గోడవైపు తిరిగి, ఎప్పుడు పడుకున్నానో కూడా తెలియకుండా పడుకున్నాను. లేచేసరికి వంటింట్లో రాహేలక్క ఝాన్సీతో వాదిస్తోంది. "చెప్పులు బాగున్నాయి. కానీ ఆ లిఫ్టుకి ఏం కావాలో రాసినామెకి తెలీదే. దెయ్యమన్నాక దానికేదో కావాలి గదా! ఊరికే భయపెడితే అది దెయ్యమెలాగవుద్ది, పిల్లాడి బూచాటవుద్ది."

ఆ విధంగా మా ఇంట్లో మధ్యాహ్నపు చదువు మొదలైంది. ఎవరు కొత్త రచయితను కనిపెట్టినా ముందు రాహేలక్క పరీక్ష నెగ్గాలి. సముద్రం పోటుకు వచ్చి ఇళ్ళ గడపల మీద తడి పాదాలు వదిలివెళ్ళే కథలు రాసిన పాలెపు ఎస్తేరును మెచ్చుకుని, "ఈ పిల్ల గోదారొడ్డు మనిషే, ఉప్పుగాలి తెలుసు దీనికి," అంది. రక్తం బిందెలకొద్దీ పోసే ఒక కుర్రాడిని, "వీడికి చిన్న దెబ్బ తగిల్తే కళ్ళు తిరిగి పడిపోతాడు," అని పక్కన పెట్టేసింది.

ఆసుపత్రి బస్సు నడిపే గంగారాం మా నాలుగో చదువరి అయ్యాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై ఉంటాయి. ఐకాడ్‌లో ఫ్యాక్టరీల మధ్య కార్మికుల క్యాంపులో ఉండేవాడు. పొద్దున్నే బస్సులో మేము కథల గురించి కొట్టుకుంటుంటే అద్దంలోంచి చూసి నవ్వేవాడు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగాడు. "గంత మంచిగున్నయా సిస్టర్? నాకు గూడ ఒకల్ని చెప్పుండ్రి. మా రూముల పోశన్న, నేను ఇంటం. ఫోన్ల చదివి పంపినా సరే."

రాహేలక్క ముందుకు వంగింది. "నీకేమంటే భయం తమ్ముడూ?"

"నాకా? ముదీరొక్కడే!" ముదీరంటే వాళ్ళ మేనేజరు. బస్సంతా నవ్వింది. "లేదు పెద్ద సిస్టర్, నిజంగనే. మనుషులకు తప్ప దేనికి భయపడ."

"అయితే లిఫ్టు కథ పంపవే ఝాన్సీ."

రెండు రోజుల తర్వాత మేము బస్సు ఎక్కగానే గంగారాం చెప్పాడు. "పోశన్న ఒక చెవుల, నేనొక చెవుల పెట్టుకోని ఇన్నం. అయ్యాల్టి సంది ఇద్దరం మెట్లెక్కుడే. మోకాళ్ళు పోతున్నయి!" పోశన్నను మేమెప్పుడూ చూడలేదు. గంగారాం పక్క ఊరివాడని, వెల్డింగు పని అని, దెయ్యం వచ్చే చోట పగలబడి నవ్వుతాడని మాత్రం తెలుసు. ఒకసారి గంగారాం పంపిన వాయిస్ మెసేజీలో వెనక నుంచి ఆ నవ్వు వినిపించింది. ఆ తర్వాత మేము కథ ఎంచేటప్పుడల్లా, "దీనికి పోశన్న నవ్వుతాడా?" అని ఒకరినొకరం అడిగేవాళ్ళం.

ఒక ఉదయం బస్సులో వేరే డ్రైవరు ఉన్నాడు. పఠాను. అతను చెప్పిందాన్ని బట్టి గంగారాం ఉన్న బ్లాకు మూసేశారు. పోశన్నను ముందే ఏదో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గంగారాం ఫోన్ ఎత్తాడు. తనకూ సోకిందని, జ్వరం పెద్దగా లేదని, గదిలో ఒక్కణ్ణే ఉంచారని చెప్పాడు. కొన్నాళ్ళకు పోశన్న పోయాడు. ఊరికి పంపే వీలు లేక అంత్యక్రియలు ఇక్కడే ఎవరో చేసేశారు. గంగారాం చూడలేదు. ఇంటివాళ్ళూ చూడలేదు.

ధైర్యం చెప్పడానికని ఝాన్సీ అతనికి ఒక కొత్త రచయిత కథ చదివి పంపింది. మంచి కథే. అయితే అది మూసిన గదిలో మనిషి కథ. పంపాక గానీ ఆ సంగతి ఝాన్సీకి తట్టలేదు. అంతే, గంగారాం ఫోన్ ఆగిపోయింది. ఝాన్సీ తిండి మానేసి ఏడ్చింది. క్యాంపు వంటవాడి నంబరు పట్టుకుని అడిగితే, గది ముందు పెట్టిన పొట్లాలు సగం అలాగే ఉంటున్నాయని హిందీలో చెప్పాడు. "తలుపు కొడితే జవాబిస్తాడు. తినడు," అన్నాడు. మాకు వార్డులో తెలుసు, ఈ జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్ళు కూడా తినడం మానేస్తే ఏమవుతుందో.

మూడోనాటికి మేము చేస్తే గంగారాం ఫోన్ మోగింది. రాహేలక్క మాట్లాడింది. మేమిద్దరం ఆమె భుజాల మీంచి వంగి విన్నాం. ఏం తిన్నావని అడగలేదు. జ్వరమెంతని అడగలేదు. అదే ప్రశ్న. "నిజం చెప్పు తమ్ముడూ. నీకేమంటే భయం?"

ఏసీ చప్పుడు మీదుగా గంగారాం గొంతు వినిపించింది. "పోశన్న మంచం ఎదురుంగనే ఉన్నది పెద్ద సిస్టర్. లుంగి గూడ దానిమీదనే ఉన్నది. అందరు అడుగుతున్నరు, ఆయన దయ్యమై వస్తడని భయమా అని. గది గాదు. వస్తే మంచిగనే ఉండు. కూసుంటుండె, నవ్వుతుండె. నేను కండ్లు తెర్సుకోని సూస్తున్న. వస్తలేడు. ఇంటికి గూడ తొవ్వ దెల్వదేమో ఆయనకు. ఎవ్వలు ఏం పెట్టలే, ఎవ్వలు పిల్వలే. ఎటు పోయిండో... గదీ నా భయం."

రాహేలక్క కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. చనిపోయినవాళ్ళు దేవుని దగ్గర నిద్రపోతారని, తిరిగి రారని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆ క్షణంలో ఆమె అతనికి చెప్పలేదు. "రేపు మధ్యాహ్నం ఫోన్ దగ్గరుండు. ఒకాయన్ని చదివి వినిపిస్తాం," అని మాత్రం అంది.

ఆ ఒకాయన ఎవరన్నది ఇంకా తేలలేదు. ఆ పగలు మేము పడుకోలేదు. వేదవల్లి పనికిరాదు. ఎస్తేరు సముద్రం అతనికి తెలియదు. ఇప్పలపల్లి సాయిలు పేరు నేనే చెప్పాను. నిజామాబాదు వైపు బడిపంతులు, ఆ ఏడే మొదటి పుస్తకం. అందులో ఒక కథలో దూరదేశంలో పోయిన కూలివాడు నడిచి నడిచి ఊరికొస్తాడు. తను చచ్చిపోయినట్టు అతనికి తెలియదు. గడప దగ్గర కూర్చుని అన్నం పెట్టమంటాడు, భార్యకు వినిపించదు. "అయ్యబాబోయ్, వద్దు! ఈసారి మళ్ళీ ఫోన్ కట్టేస్తాడు," అని ఝాన్సీ చెవులు మూసుకుంది. రాహేలక్క నా ఫోన్ తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చేసరికి ఆమె ముక్కు ఎర్రగా ఉంది. "ఈ దెయ్యానికి ఏం కావాలో ఈయనకి తెలుసు," అంది. "ఇదే చదువు. నువ్వే చదువు."

మర్నాడు రేకు కాగితం చీకట్లో, స్పీకరు పెట్టి చదవడం మొదలుపెట్టాను. కథ అంతా గంగారాం వాళ్ళ యాసలో ఉంది. నా గోదావరి నాలుకకు అది తిరగలేదు. వేళకు అనడానికి వాళ్ళనే "యాళ్ళకు" అన్నదాన్ని నేను ఎలా పలికానో గానీ, అవతల నుంచి గంగారాం, "గట్ల గాదు చిన్న సిస్టర్. యా...ళ్ళకు. సాగదీయాలె," అన్నాడు. మళ్ళీ పలికాను. మళ్ళీ దిద్దాడు. మూడోసారి అతను సన్నగా నవ్వాడు. ఝాన్సీ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. గోడ మీద తలకిందులు లారీ ఒకటి నెమ్మదిగా పోతోంది. కథలో భార్య మేకను తిట్టుకుంటూ, ఎందుకో తనకే తెలియకుండా ఒక పళ్ళెంలో నాలుగు మెతుకులు పెట్టి గడప అవతల ఉంచుతుంది. అతను తింటాడు. తిన్నాక అతనికి తను పోయినట్టు తెలుస్తుంది. లేచి, వాకిలి దాటి, పొలం గట్టు పట్టుకుని వెళ్ళిపోతాడు. అంతే కథ.

"తమ్ముడూ!" అంది రాహేలక్క. "ఉన్న పెద్ద సిస్టర్," అన్నాడు. "ఇంటున్న. ఖలాస్ అయిందా? ...మంచిగ రాసిండు." ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రంతా డ్యూటీలో మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అతనే చేశాడు. మాట తొందర తొందరగా వస్తోంది. క్యాంపు వాళ్ళు పెట్టిన అన్నం పొట్లంలోంచి ఒక ముద్ద తీసి, పైన పప్పు వేసి, కిటికీ సందులోంచి చెయ్యి పోనిచ్చి ఏసీ డబ్బా మీద పెట్టాడట. పోశన్న పేరు, వాళ్ళ నాయన పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పి పిలిచాడట. "మా దిక్కు పిట్టకు పెడ్తం సిస్టర్, పోయినోళ్ళ పేరు మీద. ఈడ కాకులేడియి అనుకున్న. పొద్దుగాల సంది కూసున్న. ఒక గోరింక వచ్చింది. అటు సూసింది, ఇటు సూసింది. ముట్టింది సిస్టర్! ముట్టింది!" అతను ఏడుస్తున్నాడు. తర్వాత భయంగా అడిగాడు, "పెద్ద సిస్టర్, మీరు నమ్ముతరో లేదో. తప్పయితదా?"

రాహేలక్క వెంటనే అందుకుంది. "మా గ్రంథంలో ఆకలేసిన ఒక ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చిపెట్టాయి తమ్ముడూ. దేవుడే పంపించాడు. ఆయన కాకుల్ని పంపగా లేంది, నువ్వు గోరింకకి ముద్ద పెడితే తప్పెందుకవుద్ది? నువ్వు తిన్నావా మరి?"

"తిన్న. పోశన్నకు పెట్టినంక మిగిలిందంత తిన్న."

ఫోన్ పెట్టేసి ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఎందుకో తెలియదు, తలుపు సందులో తువ్వాలు లేకుండానే రొయ్యలు వేపింది. ఇల్లంతా పొగ కమ్మింది. కిందింటివాళ్ళు ఏమీ అనలేదు. ఆ రోజు నేను చీకటిపడే వేళ దాకా పడుకున్నాను.

గంగారాం కోలుకుని మళ్ళీ బస్సు ఎక్కాడు. విమానాలు మొదలయ్యాక ఊరికి వెళ్ళి, పోశన్న లుంగీ, సెల్‌ఫోన్ వాళ్ళ ఇంట్లో అప్పగించి వచ్చాడు. ఇప్పుడు ఊళ్ళోనే ఆటో నడుపుతున్నాడు. సాయిలు గారి రెండో పుస్తకం రాగానే నాకంటే ముందు కొన్నది అతనే. ఝాన్సీ పెళ్ళి చేసుకుని మస్కట్ వెళ్ళింది. నేను దుబాయ్‌లో పెద్ద ఆసుపత్రికి మారాను. భయం కథల గురించి రాస్తాను, అడిగినవాళ్ళకు రచయితల్ని చెబుతాను. అప్పుడు మా దగ్గర నలుగురైదుగురు రచయితలే ఉండేవారు. ఇప్పుడు నెలకొక కొత్త పేరు వినిపిస్తుంది, వాళ్ళలో కొందరు అద్భుతంగా రాస్తున్నారు. ఒక కథ పూర్తవగానే ఫోను తనంతట తనే, ఇదీ మీకు నచ్చవచ్చు అని ఇంకోటి చూపిస్తుంది. అది చూపించినవి చాలాసార్లు నాకు నచ్చుతాయి కూడా. కానీ మూడు బుర్రలు పగటి నిద్ర మానుకుని, అవతల గదిలో ఉన్న ఒక్క మనిషి కోసం ఒక్క కథను ఎంచడం నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు నా గదికి మంచి తెరలున్నాయి, చిల్లు లేదు. నిద్ర వెంటనే వస్తుంది. కలలు తక్కువ.

రాహేలక్క పోయిన ఏడు ఉద్యోగం విరమించుకుని భీమవరంలో చెల్లెలి ఇంటి పక్కన వాటా తీసుకుంది. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. ట్రాలీ మీద దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు. లోపలికి వెళ్ళేముందు, "అక్కా, ఇంటి దగ్గర చదువుకోవడానికి ఎవర్ని పంపమంటావు? కొత్తగా ఒకావిడ రాస్తోంది, బాగా భయపెడుతోంది," అన్నాను.

ఆమె నా చెంప మీద చెయ్యి వేసింది. "భయం ఇంక చాలమ్మడూ. ఇన్నేళ్ళు సరిపోయింది. నవ్వించేవాళ్ళు ఎవరైనా ఉంటే చూసి చెప్పవే."

భయపెట్టేవాళ్ళు ముప్ఫైమంది తెలుసు నాకు. నవ్వించేవాళ్ళు ఒక్కరూ తెలియదు. ఆమె నా మొహం చూసి తనే నవ్వేసి, ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. చాలామంది పళ్ళికిలించారు గానీ నవ్వించలేదు. నిన్న మధ్యాహ్నం, సెలవు రోజు, శ్రీకాకుళం వైపు ఒక కుర్రాడి పుస్తకం తెరిచాను. రెండో పేజీలో పోస్టుమాన్, పెంపుడు బాతు గొడవపడే చోట నాకు టీ ముక్కులోకి పోయింది. దగ్గుకుంటూనే భీమవరం ఫోన్ చేశాను.

"దొరికాడక్కా."

"ఎవరే?"

"నవ్వించేవాడు."

అటువైపు ఎవరినో, బహుశా చెల్లెలిని, టీవీ ఆపమని కేకేసింది. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"నీకొచ్చిందా నవ్వు?"

"వచ్చిందక్కా."

"అయితే చదువు. నిమ్మళంగా చదువు, తినెయ్యమాకు మాటలు. కూర్చున్నాను."